ఆక్సిజన్ సెన్సర్ మార్చమంటున్నారు... మార్చాలా?

ప్రశ్న: నాది 2018 మోడల్ చిన్న పెట్రోలు కారు, బీఎస్4. అరవై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఉండేది కావలి, ఉద్యోగం ఉలవపాడు వైపు ఒక బడిలో. రోజూ హైవే మీద రాకపోకలు. రెండేళ్ల కిందటి దాకా లీటరుకు 18 వచ్చేది, ఇప్పుడు 14 కూడా కష్టంగా ఉంది. నెలన్నరగా చెక్ ఇంజిన్ లైటు వెలిగే ఉంటోంది. మా అబ్బాయి ఆన్‌లైన్లో చిన్న బ్లూటూత్ స్కానర్ తెప్పించి చూస్తే పి0171, పి0133 అని రెండు కోడ్లు కనిపించాయి. నెల్లూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్తే కంప్యూటర్ పెట్టి చూసి, రెండు ఆక్సిజన్ సెన్సర్లూ పోయాయి, రెండూ మార్చాలి, పన్నెండు వేలవుతుంది అన్నారు. మా మామగారేమో బ్యాటరీ తీగ ఒక పది నిమిషాలు పీకి పెడితే లైటు అదే పోద్దంటున్నారు. ఇంకొకరు ఇదంతా కొత్త ఇథనాల్ పెట్రోలు వల్లేనంటున్నారు. స్కానర్లో కనిపించిన అంకెలు రాసి పంపుతున్నాను. పొద్దున బండి తీసేటప్పుడు ముందువైపు సన్నగా టిక్ టిక్ మని వినిపిస్తుంది, ఊరు దాటేసరికి ఉండదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: టీచర్ గారూ, ఆ పన్నెండు వేలు ఇప్పుడే కట్టకండి. బ్యాటరీ తీగ కూడా పీకొద్దని మామగారికి నా మాటగా చెప్పండి. మీరు రాసి పంపిన అంకెలూ, సంబంధం ఉందో లేదో అంటూ చివర్లో రాసిన ఆ టిక్ టిక్ శబ్దమూ ఆ షెడ్డువాళ్లు చెప్పినదానికంటే ఎక్కువ చెబుతున్నాయి.

ముందు పి0171 సంగతి. ఇంజిన్లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతోంది, అంటే మిశ్రమం పలచబడింది (మెకానిక్కులు ‘లీన్’ అనేది దీన్నే) అని ఆ కోడ్‌కు అర్థం. అందులో సెన్సర్ పాడైందన్న మాట ఎక్కడా లేదు. పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సర్ తనకు కనిపించింది చెప్పింది, ఇంజిన్ కంప్యూటర్ దాన్ని రాసుకుంది, అంతే. పులుసులో ఉప్పు తక్కువైందని నాలుక చెబితే మనం నాలుకను మార్చుకోం కదా. ఈ కోడ్ కనబడగానే సెన్సర్ అమ్మేసే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. దాంతో జనం ఎంత డబ్బు పోగొట్టుకుంటున్నారో చూస్తే బాధేస్తుంది. డబ్బు పోవడం ఒక్కటే కాదు, కొత్త సెన్సర్ వేసిన వారం తర్వాత అదే లైటు మళ్లీ వెలుగుతుంది.

ఆ సెన్సర్ ఎట్టా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే మీ అంకెలను మీరే చదువుకోవచ్చు. దాని మూతిలో జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కాక, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలిలోని ఆక్సిజన్‌తో పోల్చి చిన్న కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ బాగా మిగిలితే 0.1 వోల్టు దగ్గర, మిగలకపోతే 0.9 వోల్టు దగ్గర ఉంటుంది. మధ్యలో 0.45 దగ్గర గీత గీసుకుని కంప్యూటర్ పెట్రోలును కొంచెం పెంచుతూ కొంచెం తగ్గిస్తూ ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న బండిలో ముందు సెన్సర్ వోల్టేజీ ఆ గీతకు పైకీ కిందికీ ఆగకుండా ఊగుతుంది. కొత్త బీఎస్6 బళ్లలో కొన్నింటికి వేరే రకం సెన్సర్ ఉంటుంది, అది ఇట్టా ఊగదు. మీ కారు వయసును బట్టి మీది ఊగే రకమే అయి ఉండాలి.

ఇక్కడే మీ షెడ్డువాళ్ల మాటలో మొదటి తప్పు దొరుకుతుంది. మీ బండికి సెన్సర్లు రెండు. పొగను శుద్ధి చేసే కన్వర్టర్‌కు ముందు ఉండేది సెన్సర్ 1, తర్వాత ఉండేది సెన్సర్ 2. మిశ్రమం సరిచేసే పని దాదాపు అంతా మొదటిదానిదే. రెండోది ప్రధానంగా కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని కాపలా కాస్తుంది. మీ రెండు కోడ్లలో ఒక్కటి కూడా సెన్సర్ 2 గురించి కాదు. దాని కోడ్లు పి0136 నుంచి పి0141 దాకా ఉంటాయి. ఆ వరసలో కోడేదీ లేకుండా సెన్సర్ 2 మార్చాలనడానికి కారణం కనిపించడం లేదు. కోడ్లలో ‘బ్యాంక్ 1’, ‘బ్యాంక్ 2’ అని చూసి చాలామంది కంగారుపడతారు. బ్యాంక్ అంటే సిలిండర్ల వరస. సిలిండర్లన్నీ ఒకే వరసలో ఉండే మన చిన్న కార్లకు బ్యాంక్ 1 ఒక్కటే.

ఇప్పుడు మీ అంకెలు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 18, షార్ట్ టర్మ్ ప్లస్ 6, ఆర్‌పీఎం 750 అని రాశారు. బండి నిలబెట్టి 2500 దాకా రేజ్ చేసి పట్టుకుంటే లాంగ్ టర్మ్ 7, షార్ట్ టర్మ్ 1. ఈ నాలుగు అంకెలు రాసి పంపినందుకు మీ అబ్బాయిని మెచ్చుకోవాలి. ఫ్యూయల్ ట్రిమ్ అంటే కంప్యూటర్ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు మీద ఎంత శాతం అదనంగా పోస్తోందో, ఎంత కోస్తోందో చెప్పే అంకె. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు చేసే సవరింపు. అదే సవరింపు రోజూ అవసరమవుతుంటే కంప్యూటర్ దాన్ని లాంగ్ టర్మ్‌లోకి ఎక్కించి గుర్తు పెట్టుకుంటుంది. రెండూ కలిపి చూడాలి. ఐదారు శాతం అటూ ఇటూ ఉంటే బండి బాగున్నట్టు, పది దాటితే వెతకాల్సిందే. ఇరవై, ఇరవై ఐదు దగ్గరికి వస్తే కంపెనీ పెట్టుకున్న హద్దును బట్టి పి0171 పడుతుంది. మీకు ఐడ్లింగ్‌లో 24, 2500 దగ్గర 8.

ఐడ్లింగ్‌లో ఎక్కువ, రేజ్ చేస్తే తక్కువ: ఈ తేడాయే అసలు ఆధారం. సెన్సరే తప్పు చెబుతుంటే ఆ తప్పు అన్నిచోట్లా దాదాపు ఒకేలా కనపడాలి. పెట్రోలు పంపు బలహీనపడితే, ఫిల్టర్ మూసుకుపోతే పరిస్థితి తిరగబడుతుంది. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, ఇంజిన్ మీద బరువు పడే కొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. అట్టాంటి బండి గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ లేక మొరాయిస్తుంది, ఊళ్లో మాత్రం మామూలుగా తిరుగుతుంది. మీది అది కాదు. ఎక్కడో చిన్న సందులోంచి లెక్కలో లేని గాలి వచ్చి కలుస్తోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దదిగా కనపడుతుంది. రేజ్ చేస్తే మొత్తం గాలి పెరిగి ఆ వాటా చిన్నబోతుంది.

ఆ గాలి రెండు చోట్ల చొరబడొచ్చు. ఒకటి ఇంజిన్లోకి పోయే దారి: థ్రాటిల్ (ఇంజిన్లోకి గాలిని వదిలే తలుపు) తర్వాత ఉండే రబ్బరు గొట్టాలు, బ్రేక్ బూస్టర్ పైపు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) గ్యాస్కెట్ (కీలులో లీకు లేకుండా పెట్టే పొర), ఇంజెక్టర్ల కింద రింగులు. మన వైపు దీనికి ఎలుకలు కూడా తోడవుతాయి. కార్తీక వానల్లోనూ, కావలి కాలవ కింద కోతలప్పుడూ పొలం పక్కన బండి పెట్టేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వెచ్చగా ఉంటుందని బానెట్ కిందికి చేరి గొట్టాలూ వైర్లూ కొరికేస్తాయి. గొట్టం అడుగున పంటిగాట్లు పైనుంచి చూస్తే కనపడవు, చేత్తో తడిమితేనే తెలుస్తాయి. ఇంజిన్ ఆపి చల్లారాక మీరే తడిమి చూడొచ్చు.

రెండోది పొగ బయటికి పోయే దారి. ఇంజిన్‌కూ సెన్సర్ 1కూ మధ్య ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగనంతా ఒకచోటికి చేర్చే గొట్టాలు) పగిలినా, గ్యాస్కెట్ కాలిపోయినా పొగ బయటికి రావడంతో పాటు బయటి గాలి లోపలికి కూడా పోతుంది. పొగ ఒక్కో దెబ్బగా వస్తుంది కాబట్టి, రెండు దెబ్బల మధ్య ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ సందు గాలిని పీల్చుకుంటుంది. ఆ ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి మిశ్రమం పలచగా ఉందని చెబుతుంది. నిజానికి ఇంజిన్లో మిశ్రమం సరిగ్గానే ఉంటుంది. ఆ మాట నమ్మి కంప్యూటర్ అక్కర్లేని పెట్రోలు పోస్తూ పోతుంది.

నాకు ఈ రెండోదాని మీదే అనుమానం ఎక్కువ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కాక లేదు అన్నారు. మ్యానిఫోల్డ్ లీకు లక్షణం అచ్చంగా ఇదే. ఇనుము వేడికి వ్యాకోచించి సందు కొంత మూసుకుంటుంది, శబ్దం పోతుంది, లీకు మాత్రం పూర్తిగా పోదు. మైలేజీ పడిపోవడం కూడా దీనికే కలుస్తుంది. ఇన్‌టేక్ వైపు లీకైతే కంప్యూటర్ ఆ గాలికి తగ్గ పెట్రోలే కలుపుతుంది, నష్టం అంతగా ఉండదు. పొగ వైపు లీకులో పోసిన అదనపు పెట్రోలంతా వృథాయే. ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి గాలిని కొలిచే తీగ సెన్సర్ ఉండదు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి బయటికొచ్చే గొట్టం మీద వైర్లను కలిపే కప్లర్ ఏదీ లేకపోతే మీదీ ఆ రకమే అనుకోవచ్చు. అలాంటి బండిలో ఇన్‌టేక్ లీకు గాలి చాలావరకు లెక్కలోకి వచ్చేస్తుంది. ట్రిమ్ ఇంతగా పెరగదు, దానికి బదులు ఐడ్లింగ్ పెరగడమో, థ్రాటిల్ మామూలుకంటే ఎక్కువ మూసుకోవడమో జరుగుతుంది. మీ ఆర్‌పీఎం 750 దగ్గరే నిలకడగా ఉంది. అయినా టిక్ టిక్‌లన్నీ లీకులు కావు, ఇంజెక్టర్లూ ట్యాపెట్లూ కూడా అట్టాగే చప్పుడు చేస్తాయి. కాబట్టి కంటితో చూసి తేల్చుకోవాలి.

ఎట్టా చూడాలంటే, పొద్దున్నే ఆరుబయట బానెట్ ఎత్తి పెట్టుకోండి. ఇంట్లో ఒకరిని హ్యాండ్‌బ్రేక్ వేసి స్టార్ట్ చేయమనండి. మీరు కొంగు గానీ చున్నీ గానీ గట్టిగా దోపుకుని నిలబడండి, రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. టార్చి వేసి మ్యానిఫోల్డ్ ఇంజిన్‌కు ఆనుకునే అంచు వెంబడి చూడండి. లీకున్న చోట బూడిద రంగు లోహం మీద నల్లటి మసి చార కనపడుతుంది, విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. టిక్ టిక్ అక్కడి నుంచే వస్తుంటే ఇక వెతకాల్సిన పని లేదు. చేత్తో మాత్రం తాకొద్దు, నిమిషంలో కాలిపోయేంత వేడెక్కుతుంది. రేకు కవచం అడ్డమొచ్చి కనపడకపోతే మెకానిక్‌తో చేయించే తేలిక పరీక్ష ఒకటుంది. ఇంజిన్ చల్లగా, ఆపి ఉన్నప్పుడు సైలెన్సర్ చివర్లోంచి బ్లోయర్‌తో గాలి ఊది, మ్యానిఫోల్డ్ కీళ్ల మీద సబ్బునీళ్లు చల్లాలి. లీకున్న చోట బుడగలొస్తాయి. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి లీకు వెతికే అలవాటు కొందరికి ఉంది. వేడి ఇంజిన్ మీద అది అంటుకుంటుంది, మీ బండి మీద చేయనివ్వకండి.

పి0133 అంటే సెన్సర్ 1 ఊగడంలో ఆలస్యం. ఇది చూసే షెడ్డువాళ్లు సెన్సర్ పోయిందని ఉంటారు. నిజమే కావచ్చు. కానీ వేడి చేసే తీగ ఉన్న ఈ సెన్సర్లు మామూలుగా లక్షన్నర కిలోమీటర్ల దాకా వస్తాయి, మీది అరవై రెండు వేలు. పొగ లీకు వల్ల ఎప్పుడూ గాలే చూస్తున్న సెన్సర్ కింద అంకెల్లోనే ఉండిపోయి, పైకి లేవడానికి టైం పట్టడం మామూలే. కాబట్టి వరస ముఖ్యం. ముందు లీకు సరిచేయించాలి, తర్వాత కోడ్లు చెరిపి నాలుగైదు రోజులు తిప్పాలి. పి0133 ఒక్కటే మళ్లీ వస్తే అప్పుడు సెన్సర్ 1 మార్చండి. అంతకుముందే అది బతికుందో లేదో చూసుకోవచ్చు. వేడెక్కాక స్కానర్లో దాని వోల్టేజీ పెట్టుకుని యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదలండి. తొక్కగానే 0.8 దాటి, వదలగానే 0.2 కిందికి చటుక్కున దిగితే సెన్సర్ బాగానే ఉంది.

గ్యాస్కెట్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పండి. మామూలు సిలికాన్ సీలెంట్ పూయనివ్వొద్దు. దాని ఆవిరి పొగతో కలిసి సెన్సర్ మూతికి పొరలా పడుతుంది, బాగున్న సెన్సర్ దాంతోనే చస్తుంది. సెన్సర్‌కు హాని లేనివి విడిగా దొరుకుతాయి.

ఇథనాల్ పెట్రోలు మాటకు వద్దాం. అందులో కొంత నిజముంది, అంతా నిజం కాదు. మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. లెక్క వేస్తే 10 శాతం ఇథనాల్ కలిసిన ఈ10కు సుమారు 14.1, ఈ20కి 13.5 అవుతుంది. ఈ10కు సరిచేసిన బండిలో ఈ20 పోస్తే ట్రిమ్ నాలుగు శాతం దాకా పెరగొచ్చు. మీకు ఐడ్లింగ్‌లో 24 వచ్చింది. మైలేజీ విషయంలో, పాత పెట్రోలుకు తయారై ఈ10కు సర్దుబాటు చేసిన కార్లకు ఈ20తో ఆరేడు శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లోనే అంచనా ఉంది. 18 నుంచి 14 అంటే ఇరవై రెండు శాతం. అందులో కొంత పెట్రోలుది, మిగతాది మీ బండిది. ఆ మిగతాది మీ చేతుల్లో ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మామగారి చిట్కాతో లైటు పోయే మాట నిజమే. దానితో పాటు కోడ్లూ, ఫ్యూయల్ ట్రిమ్ జ్ఞాపకమూ, కోడ్ పడిన క్షణంలో వేగమెంత, వేడెంత అని కంప్యూటర్ దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతాయి. ఆధారాలన్నీ చెరిపేసుకుని కొద్ది రోజులకు మళ్లీ అక్కడికే వస్తాం. ఏ షెడ్డులోనైనా ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీయమనండి, ఆ తర్వాతే కోడ్లు చెరపనివ్వండి.

మీ ఉత్తరం లాంటివే ఒంగోలు, చీమకుర్తి వైపు నుంచి కూడా వస్తుంటాయి గనుక మిగతా కోడ్ల మాటా కొంచెం. పి0172 మీ పి0171కు ఎదురు, మిశ్రమం చిక్కబడిందని. కారుతున్న ఇంజెక్టర్, తెరుచుకుని ఉండిపోయిన పర్జ్ వాల్వు (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్లోకి వదిలేది), ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉందని చెప్పే కూలెంట్ సెన్సర్ చూడాలి. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగేవాళ్లకు ముందుగా ఎయిర్ ఫిల్టర్ పని పడుతుంది. గాలి కొలిచే తీగ సెన్సర్ ఉన్న బండైతే ఆ తీగకు పట్టిన దుమ్ము గాలిని తక్కువ చూపించి పి0171 కూడా తెప్పిస్తుంది. పి0135, పి0141 సెన్సర్‌ను వేడి చేసే తీగకు సంబంధించినవి. ముందు ఫ్యూజు, తర్వాత కప్లర్ చూడండి. కొత్తపట్నం, మైపాడు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో కప్లర్ పిన్నులకు పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. పి0300 వరస మిస్‌ఫైర్ కోడ్లు పి0171తో కలిసి వస్తే ముందు ప్లగ్గులూ కాయిళ్లూ చూడాలి. మండని సిలిండర్ పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్‌ను కూడా పొగలోకి వదులుతుంది. ఈ సెన్సర్‌కు ఆక్సిజనే కనపడుతుంది, అందుకే పెట్రోలు వృథాగా పోతున్నా పలచగా ఉందనే చెబుతుంది. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే పి0420 పడగానే కన్వర్టర్ కొనమంటారు. కొనే ముందు పొగ దారిలో ఎక్కడా లీకు లేదని తేల్చుకోవాలి.

లైటు నిలకడగా వెలిగినంత కాలం బడికి వెళ్లి రావడానికి భయం లేదు. అది టపటపా కొట్టుకోవడం మొదలైతే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, ఆ వేడికి కన్వర్టర్ పాడైతే ఖర్చు మీరన్న పన్నెండు వేలతో ఆగదు. అట్టాగని నిలకడ లైటును నెలల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు. అక్కర్లేని పెట్రోలు రోజూ పడుతూనే ఉంది. ఈ నెలలోనే చూపించండి.

షెడ్డుకు వెళ్లినప్పుడు ‘సెన్సర్ మార్చండి’ అనొద్దు. ‘ఐడ్లింగ్‌లో ట్రిమ్ 24, 2500 దగ్గర 8, చల్లగా ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్, ముందు పొగ లీకు చూసి చెప్పండి’ అనండి. ఆ మాట విని ఒప్పుకునే మెకానిక్ దగ్గరే పని చేయించండి. పని అయ్యాక అదే స్కానర్‌తో అవే నాలుగు అంకెలు మళ్లీ చూడండి. రెండు చోట్లా పది లోపుకు దిగితే లీకు దొరికినట్టే. ఒకవేళ సెన్సర్ 1 మార్చాల్సే వస్తే, మీ మోడల్‌కే తయారైన కప్లర్‌తో సహా తీసుకోండి. పాత వైరు కత్తిరించి కొత్తది అతికించే రకం వద్దు. చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైర్ల లోపలి నుంచే పీల్చుకుంటాయి, టంకం వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కప్లర్‌కు గ్రీజు కూడా పూయనివ్వకండి.